నీటి వంతు నాది, మడవ చినమామయ్యది

ఉదయగిరి వైపు మెట్ట గ్రామం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కనుక అవి తీసేసి విషయం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. భర్త చెన్నైలో ఒక గోదాములో పనిచేస్తారు, రెండు నెలలకోసారి వచ్చి వెళ్తారు. ఇద్దరు పిల్లలను, అత్తగారిని, చెరువు కింద ఉన్న రెండెకరాల కయ్యలను ఆమే చూసుకుంటున్నారు. మామగారు పోయి నాలుగేళ్లయింది. పట్టాదారు పాసుపుస్తకం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. చెరువు ఆయకట్టు కాగితాల ప్రకారం 180 ఎకరాలు. వీరి పొలం తూముకు బాగా దూరం, ఆయకట్టు చివర. ఒకప్పుడు నీళ్లు వదలడానికి, వంతులు చూడటానికి ఊరికి ఒక నీరుకట్టు ఉండేవాడు. కళ్లంలోనే అతనికి ధాన్యం కొలిచేవారు. అతను పోయాక ఆ పని ఎవరూ అందుకోలేదు. వంతులు మాత్రం నోటిమాటగా మిగిలాయి. ఈమెది మంగళవారం రాత్రి పది నుంచి రెండు గంటల వరకు.

వీరి పొలానికి పైన చినమామయ్య, అంటే మామగారి సొంత తమ్ముడు, సాగు చేస్తారు. సొంతం నాలుగెకరాలు, కౌలు మూడెకరాలు. అవికాక గట్టుకు అవతల, ఆయకట్టులో లేని మెట్ట మీద ఆరేళ్ల నిమ్మతోట ఉంది. రెండేళ్ల క్రితం ఆయన బోరు సరిగా పోయడం మానేసినప్పటి నుంచి కాలువలో ఆయిల్ ఇంజను పెట్టి తోటకు నీళ్లు ఎక్కిస్తున్నారు.

పోయిన పంటలో చెరువు సగమే నిండింది. అయినా అందరూ వరే వేశారు. మాఘమాసంలో పైరు పొట్ట మీద ఉండగా వరుసగా రెండు వంతులు ఈమె కయ్యలకు నీళ్లు చేరలేదు. మూడో మంగళవారం టార్చి పట్టుకుని తానే వెళ్లారు. తన మడవకు, అంటే కాలువ నుంచి కయ్యలోకి నీళ్లు మళ్లే గండికి, మట్టి కట్టి, దాని మీద తడిపిన యూరియా సంచి కప్పి, పైన రాయి పెట్టి ఉంది. నీళ్లన్నీ చినమామయ్య కయ్యల్లోకి పోతున్నాయి. ఆమె రాయి తీసి సంచి లాగేలోపు ఆయనే వచ్చారు. కోప్పడలేదు. “ఆడమనిషివి, రాత్రిపూట నీకెందుకమ్మా ఈ తిప్పలు? ఇంటికి వెళ్లు, నేను చూసుకుంటాను” అన్నారు. ఆమె వెళ్లిపోయారు. తెల్లవారి చూస్తే సంచి మళ్లీ మడవ మీదే ఉంది. ఎకరానికి పైగా పైరు తాలు పోయింది.

నీటి సంఘం అధ్యక్షుణ్ణి అడిగితే “మీ ఇంటి గొడవ, మీరే తేల్చుకోండి” అన్నారట. పొలం చిన్నాన్నకే కౌలుకు ఇచ్చేసి పిల్లలతో చెన్నై వచ్చేయమని భర్త అంటున్నారు. బోరు వేయి, అప్పు నేను ఇప్పిస్తానని ఆమె తమ్ముడు అంటున్నాడు. పోలీసులకు రాసివ్వమని పక్క పొలం రైతు సలహా. ఇంటి పరువు రచ్చకెక్కించవద్దని అత్తగారు. మామగారు ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ పక్కన కూర్చున్నది ఆ చినమామయ్యేనని కూడా ఆమె రాశారు. “నేను నీళ్ల దొంగను పట్టుకున్నానా, ఇంటి పెద్దను అవమానించానా? ఈ కార్తీకంలో నారు పోయాలా, మానాలా?” అని అడిగారు.

అమ్మా,

మీ వంతు నడుస్తున్న సమయంలో మీ మడవకు ఉన్న అడ్డు మీరు తీశారు. అందులో తప్పు వెతుక్కోవడం మానేయండి. ఆయన మిమ్మల్ని తిట్టి ఉంటే ఈ ఉత్తరం రాసేవారు కాదేమో, మర్నాడే నలుగురిలో నిలదీసేవారు. “అమ్మా” అని పిలిచి, మీ మంచి కోరినట్లే మాట్లాడి, మీరు ఇల్లు చేరేసరికి నీళ్లు మళ్లించుకున్నారు. మిమ్మల్ని ఇన్నాళ్లు నమిలేస్తున్నది ఆ మర్యాదే. మాట ఎంత మెత్తగా ఉన్నా, ఎండింది మీ ఎకరమే. అలాగని ఆయన్ను దొంగ అనడానికి నాకు నోరు రావడం లేదు. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు చెరువు లెక్క చూద్దాం.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంత నేల మీద ఒక్క మిల్లీమీటరు నీరు నిలిస్తే 4,047 లీటర్లు. వరికి దమ్ము నుంచి కోత దాకా, నేలలోకి దిగిపోయేది కూడా కలుపుకుని, సుమారు 1,200 మిల్లీమీటర్లు కావాలి. ఎకరానికి 48 లక్షల లీటర్ల పైమాటే. చెరువులో ఎన్ని నీళ్లున్నాయో ఇంజనీర్లు మిలియన్ ఘనపుటడుగుల్లో చెబుతారు. ఒక మిలియన్ ఘనపుటడుగు అంటే దాదాపు 2 కోట్ల 83 లక్షల లీటర్లు. కాలువలో ఇంకేదాన్ని, ఎండకు ఆవిరయ్యేదాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా దాంతో నిండా ఆరెకరాల వరి పండదు.

పోయినేడు చెరువు సగం నిండింది, నాట్లు మాత్రం ఆయకట్టు మొత్తం పడ్డాయి. మధ్యలో వాన ఆదుకుంటే వేరే సంగతి. ఆదుకోకపోతే 180 ఎకరాల్లో సగానికి అటూ ఇటూగా ఎండక తప్పదని నాట్లు వేసిన రోజే తేలిపోయింది. ఎవరి సగం ఎండాలన్నది ఒక్కటే మిగిలింది. దాన్ని మీ ఊరు మాఘమాసపు రాత్రుల్లో పారలతో, యూరియా సంచులతో తేల్చుకుంటోంది. ఆ రాత్రి మీరు గట్టిగా నిలబడి నీళ్లు తెచ్చుకుని ఉంటే మీ కయ్యలు బతికేవి, మరొకరివి పోయేవి. మీరు నిలబడవద్దని నేను అనడం లేదు. మడవ దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోతోంది అంటున్నాను. ఈ తగవు గెలవాల్సింది తూము ఎత్తకముందు, పదిమంది కూర్చున్న చోట, పగటిపూట. మీ ఉత్తరం భాద్రపదంలో వచ్చింది కనుక ఇంకా సమయం ఉంది.

ఇప్పుడు చినమామయ్య. నిమ్మతోట సంగతి మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మాత్రం అసలు ముడి అక్కడే కనిపించింది. వరి ఎండితే ఒక పంట పోతుంది. ఆరేళ్ల నిమ్మచెట్టు ఎండితే ఆరేళ్లూ పోతాయి, మళ్లీ నాటితే కాపుకు రావడానికి ఇంకో మూడు నాలుగేళ్లు. బోరు చేతికి రాకుండా పోయిన మనిషి ఆ చెట్లను చూస్తూ ఊరుకోలేరు. ఇంజనుతో తోటకు ఎక్కించిన నీళ్లు ఆయన వరి వాటాలోంచి తగ్గుతాయి, ఆ లోటును పూడ్చుకోవడానికి మీ మడవ మూస్తున్నారు. ఇది నా ఊహ, కానీ మీరు రాసిన తేదీలు చూస్తే సరిపోతోంది. బోరు ఎండకముందు మీ వంతుకు ఆయన ఎప్పుడైనా అడ్డం వచ్చారా? వచ్చినట్లు మీరు ఎక్కడా రాయలేదు.

ఇందులో రెండు వేరు వేరు తప్పులున్నాయి. మీ వంతు నీళ్లు తీసుకోవడం ఒకటి, అది మీకూ ఆయనకూ మధ్య. ఆయకట్టులో లేని భూమికి చెరువు నీళ్లు ఎక్కించడం రెండోది, అది ఆయకట్టు రైతులందరికీ సంబంధించింది, నిబంధనలకూ విరుద్ధం. రెండోదాన్ని పట్టుకుంటే ఆయన్ను తేలిగ్గా ఇరికించవచ్చని మీ పక్క పొలం రైతుకు తెలిసే ఉంటుంది. తొందరపడకండి. ఎవరైనా వచ్చి ఇంజను ఎత్తుకుపోతే తోట పోతుంది, ఆ తోటతో పాటు మీ రెండిళ్ల మధ్య మాటలు మీ పిల్లల కాలానికి కూడా పోతాయి. ఆ పక్క పొలం రైతు సలహాలో ఆయన సొంత లెక్క ఏమైనా ఉందేమో కూడా కాస్త చూసుకోండి. తగవులో ఇద్దరు అలిసిపోతే కాలువ మూడోవాడిది అవుతుంది.

ఫిర్యాదు గురించి. పోలీసుల దగ్గరకు వెళ్తే చాలా సందర్భాల్లో జరిగేది ఒకటే, ఇరువర్గాలనూ పిలిపిస్తారు, గొడవ పడబోమని ఇద్దరి దగ్గరా రాయించుకుంటారు. మంగళవారం రాత్రి నీళ్లు మాత్రం రావు. తప్పు ఆయనది, సంతకం మీది కూడా. కాగితం పెట్టాలనుకుంటే అది పోవలసిన చోటు నీటి సంఘం. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి పంటకాలానికి నీటి వంతుల పట్టిక తయారు చేసి అమలు చేయడం, రైతుల మధ్య తగవులు తీర్చడం సంఘం బాధ్యతలే. “మీ ఇంటి గొడవ” అని అధ్యక్షుడు అనడం కుదరదు, అది ఆయన పనే. నోటితో అడిగితే నోటితోనే తోసేశారు. ఈసారి రాసివ్వండి, ఒక నకలు మీద అందినట్లు సంతకం తీసుకోండి, ఇంకో నకలు జలవనరుల శాఖ ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకు, ఇవ్వండి. అందులో చినమామయ్య పేరు ఎక్కడా ఉండకూడదు. “రాబోయే పంటకు వంతుల పట్టిక రాతపూర్వకంగా తయారు చేసి, పంచాయతీ గోడ మీద అంటించాలి” అన్న ఒక్క కోరిక చాలు. ఎవరి మీదా నింద లేని కాగితాన్ని కాదనడం కష్టం. స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో తీసుకునే అర్జీల దాకా వెళ్లవచ్చు. అక్కడి నుంచి తిరిగి వచ్చేది ఏఈ దగ్గరకే, కాకపోతే జవాబు రాయాల్సిన అవసరం ఆయనకు పడుతుంది.

తమ్ముడు చెప్పిన బోరు. అక్కచెల్లెళ్ల కష్టం చూసి అప్పు తెస్తాననే తమ్ముడు ఉండటం అదృష్టమే, కానీ ఆ డబ్బుకు కూడా వడ్డీ పడుతుంది. మీ వైపు గట్టిరాయి నేల. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. చెరువు కింద కనుక తగిలే అవకాశం కాస్త ఎక్కువే. అయితే చెరువు కింది బోరు బతికేది చెరువు నీటి ఊట మీదే. చెరువు నిండని ఏడాది, అంటే మీకు బోరు నిజంగా అవసరమైన ఏడాది, అది కూడా తగ్గుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కింద కొత్త బోరుకు అనుమతి కావాలి, తర్వాత కరెంటు కనెక్షన్ కోసం ఎదురుచూడాలి. ఈ కార్తీకానికి అందే పని కాదు. మీకు నిజంగా కావలసింది పొట్ట దశలో రెండు తడులు. మీ దగ్గరలో బోరున్న రైతు ఎవరైనా ఉంటే, ఆ రెండు తడులకు గంటకు ఇంత అని ఇప్పుడే మాట్లాడుకుని కొంత బయానా ఇచ్చి ఉంచండి. మాఘంలో పైరు వాడాక అడిగితే రేటు వేరు. బోరు మీద పెట్టే సొమ్ముకు వడ్డీగా కట్టేదానికన్నా ఇది తక్కువే అవుతుందని నా అంచనా, మీ ఊరి ధరలతో ఒకసారి లెక్క కట్టి చూడండి.

భర్త చెప్పిన కౌలు మాట. దీన్ని నేను కొట్టిపారేయను. నాట్ల ముందు రోజు నుంచి నూర్పిళ్ల దాకా ఒంటరిగా లాక్కొస్తున్నారు, అలసిపోయి ఉంటారు. కౌలుకు ఇస్తే నీళ్ల తగవు ఆ రోజుతో పోతుంది, ఎందుకంటే మీ కయ్యలకు కూడా ఆయనే నీళ్లు పెట్టుకుంటారు. కానీ మంగళవారం వంతు ఒకసారి ఆయన చేతికి వెళ్లాక, మూడేళ్లకు మీరు తిరిగి వచ్చి అడిగితే అది మీదేనని చెప్పే కాగితం ఎక్కడా లేదు. ఇస్తే రాతపూర్వకంగా ఇవ్వండి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకు ఒప్పందం రాసుకునే వీలుంది. దాంతో కౌలుదారుకు గుర్తింపు కార్డు, పంట రుణం, బీమా లాంటివి వస్తాయి, భూమి మీద యజమాని హక్కుకు ఏమీ కాదు. ఇంటి మనిషితో కాగితం ఏమిటని ఆయన నొచ్చుకుంటే, ఆ గుర్తింపు కార్డు ఆయనకే పనికొస్తుందని చెప్పండి. అది నిజం కూడా. ఇక చెన్నై వెళ్లడం, వెళ్లకపోవడం నీళ్ల విషయం కాదు. మీరు అక్కడ ఏం చేస్తారు, పిల్లల బడి ఏమిటి, అత్తగారు ఊరు వదులుతారా అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక మడవ మీద సంచి పడిందని ఊరు వదిలే నిర్ణయం మాత్రం తీసుకోకండి.

ఇప్పుడు నేను ఎక్కువ బరువు పెట్టే దారి. కాస్త పొడుగ్గా చెబుతాను.

మన నెల్లూరు జిల్లా చెరువులు నిండేది ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపు. ఒక వాయుగుండం మన వైపు తిరిగితే రెండు రోజుల్లో చెరువు నిండి కలుజు మీదుగా పొర్లి పారుతుంది, తిరగకపోతే అడుగు కనిపిస్తుంది. కాబట్టి నవంబరు చివరికి చెరువులో ఎంత ఉందో కంటికి తెలుస్తుంది. ఆ కంటి చూపును కొలతగా మార్చమని అడగండి. తూము రాయి మీద అడుగులకు ఒక గీత చొప్పున పెయింటు వేయించడానికి ఒక పూట చాలు. ఫలానా గీత దాటితే ఆయకట్టంతా వరి, దాటకపోతే ప్రతి రైతూ తన పొలంలో సగమే వరి, మిగతా సగం ఆరుతడి పంట. వాన పడకముందే ఈ మాట అనుకోవాలి. పడ్డాక ఎవరి ఆశ వారిది.

పక్కనే ప్రకాశం జిల్లాలో బోరుబావుల రైతులు ఇలాంటి పని చేసి చూశారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో 2003 తర్వాత కొన్నేళ్లు రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఒక పథకం నడిచింది, వాటిలో ప్రకాశం ఒకటి. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని నీటి బడ్జెట్ వేశారు. ఆ అంకెలు అందరికీ కనిపించేలా బోర్డుల మీద రాశారు. ఫలానా పంట వేయకూడదని ఎవరూ ఆదేశించలేదు. లెక్క చూసుకుని చాలామంది వరి తగ్గించుకున్నారు. భూగర్భజలం కంటికి కనిపించదు, అక్కడే అంత పని జరిగింది. మీ చెరువు కంటి ముందు ఉంది.

తూము దగ్గరి రైతు దీనికి ఎందుకు ఒప్పుకుంటాడని మీకు అనుమానం రావాలి. నాకూ ఉంది. అతనికి ఎప్పుడూ నీళ్లందుతాయి. అయితే సగం నిండిన ఏడాది చివరి తడి అతనికి కూడా అందదు, పాలు పోసుకునే దశలో తూములోంచి బురద మాత్రమే వస్తుంది. చివరి తడి పోగొట్టుకున్న పై రైతులు ఒకరిద్దరు మీ ఊళ్లో ఉండే ఉంటారు. ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడండి. సభలో ఈ మాట ఎత్తవలసింది వాళ్లు. చివరి మడవ మనిషి ఎత్తితే ఏడుపుగా వినిపిస్తుంది, పై మడవ మనిషి ఎత్తితే లెక్కగా వినిపిస్తుంది. న్యాయం కాదు, కానీ మన సభలు అలాగే నడుస్తాయి.

సభకు ఒంటరిగా వెళ్లకండి. మీ పొదుపు సంఘంలో చెరువు కింద పొలం ఉన్నవాళ్లు, భర్తలు ఊళ్లో లేనివాళ్లు ఎంతమంది? వాళ్లందరికీ రాత్రి వంతు బెడదే. 1990ల మొదట్లో సారా మీద తిరగబడిన దూబగుంట మీకు ఎంతో దూరం లేదు, ఆడవాళ్లు గుంపుగా వచ్చి కూర్చుంటే సభ మర్యాద మారుతుందని మీ వైపు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అక్కడ వంతుల గురించి మూడు సంగతులు అడగండి. రాత్రి వంతు ఎప్పుడూ ఒకరికే ఉండకుండా వారం వారం మారాలి. ఇది అందరూ ఒప్పుకునేదే. రెండోది, వంతు లెక్కపెట్టడం తూము దగ్గర కాకుండా మీ మడవ దగ్గర మొదలవాలి. మీకు పది నుంచి రెండు అని నాలుగు గంటలు ఇచ్చారు. పై మడవలు మూసి, ఎండిన కాలువ తడిసి, నీళ్లు మీ దాకా నడిచి రావడానికి ఎంత పడుతోంది? ఒకసారి గడియారం పెట్టి చూడండి. గంటన్నర పడితే మీ వంతు నాలుగు గంటలు కాదు, రెండున్నర. చివరి పొలాలకు కాలువ నిండే సమయాన్ని అదనంగా కలపడం వారబందీ, అంటే గంటల లెక్కన వంతులు వేసే పద్ధతిలో ఉన్నదే, మీరు దయ అడగడం లేదు. లేదా వంతులు కింది నుంచి పైకి నడపమనండి, అప్పుడు నీళ్లు చివరిదాకా ఒకేసారి వచ్చి, ఒక్కొక్క మడవా వెనక్కి జరుగుతుంది. మూడోది, మళ్లీ ఒక నీరుకట్టును పెట్టుకోవడం. ఎకరానికి ఇన్ని కిలోల ధాన్యం అని అందరూ ఇస్తే ఒక మనిషికి పంటకాలం కూలి వస్తుంది. మడవ మీద సంచి పడితే అడిగేది అతను. మీరూ చినమామయ్యా అర్ధరాత్రి ఎదురుపడాల్సిన అవసరం ఉండదు. నన్నడిగితే ఈ మూడింటిలో ఒక్కటే సాధ్యమవుతుందంటే ఇదే పట్టుకోండి.

సభ ఏమీ తేల్చకపోతే? తేల్చకపోవచ్చు. అప్పుడు నారు పోసే ముందు మీ పొలం వరకు మీరే నిర్ణయించుకోవాలి. ఒక ఎకరం వరి, ఒక ఎకరం మినుము గానీ వేరుశనగ గానీ. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు చాలు, వరి నీటిలో సగం కూడా కాదు. మినుముకు ఇంకా తక్కువ. పై కయ్యలో వరి ఉంటే ఊట మీ మెట్ట పంటలోకి దిగి వేరు కుళ్లుతుంది కనుక, చినమామయ్య గట్టు వెంట ఒక మురుగు బోదె తీయండి, మినుము ఎకరం గట్టుకు దూరంగా ఉన్న వైపు ఎంచుకోండి. వరి ఎకరంలో 145 రోజులు దాటే సాంబ మసూరి మానేసి, నెల్లూరు పరిశోధనా స్థానం ఇచ్చిన స్వల్పకాలిక రకాల్లో ఒకటి వేయండి. నెల్లూరు మసూరి 120 రోజుల చుట్టుపక్కల కోతకు వస్తుంది. చెరువు అడుగంటే ముందు మూడు నాలుగు వారాలు కలిసి రావడం చిన్న సంగతి కాదు.

నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలన్న భయం కూడా కొంత తగ్గించుకోవచ్చు. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగంలో చిల్లులు పెట్టి కయ్యలో దించండి. లోపలి మట్టి తీసేస్తే నేల అడుగున నీరు ఎంత లోతులో ఉందో అందులో కనిపిస్తుంది. నేల మట్టానికి అరడుగు కిందికి, అంటే 15 సెంటీమీటర్లకు దిగేదాకా తడి పెట్టకపోయినా పైరుకు ఏమీ కాదు. పొట్ట దశ నుంచి పూత అయ్యేదాకా మాత్రం ఈ పొదుపు పనికిరాదు, అప్పుడు నీరు నిలవాలి. మీరు పోగొట్టుకున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. బోరు రైతుతో మాట్లాడుకోమన్న రెండు తడులు దాచుకోవలసిందీ అప్పటికే.

ఇంకొక విషయం. 2024 డిసెంబరులో నీటి సంఘాల ఎన్నికలు జరిగితే మీకు కబురే రాలేదని రాశారు. ఓటర్ల జాబితా తయారయ్యేది భూమి రికార్డుల నుంచి. రికార్డులో ఉన్నది చనిపోయిన మామగారి పేరు. కాగితాల మీద చూస్తే ఆ రెండెకరాల తరఫున మాట్లాడే మనిషి లేరు. సభలో “నీకేం హక్కుందమ్మా” అని ఎవరైనా అడిగితే జవాబు ఉండాలి కదా. మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రాలు తీసుకుని మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పుకు, దరఖాస్తు చేయండి. వారసులు మీ భర్త ఒక్కరే కారు. అత్తగారు ఉన్నారు, మీరు ఉత్తరంలో ఒకచోట ప్రస్తావించిన ఆడపడుచు కూడా ఉన్నారు. ఆమె సంతకం లేకుండా ఈ పని జరగదు, ఆమె వాటా ఎలా అన్నది కూడా ముందే అనుకోవాలి.

అందుకని ఈ వారంలోనే ఆడపడుచుకు ఫోను చేయండి. కాగితాల సంగతితో పాటు మడవ సంగతీ ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఆ పెద్దాయనకు మీరు కోడలు, ఆమె అన్న కూతురు. మీ నోట వస్తే ఎదురు మాట్లాడినట్లయ్యే మాటను ఆమె ఆయన పీట పక్కన కూర్చుని చెప్పగలదు. తోట ఎండకూడదని ఆమెకూ ఉంటుంది. ఆ కాస్త పోసే బోరుకే సూక్ష్మసేద్యం పథకం కింద సబ్సిడీ డ్రిప్ పెట్టిస్తే చెట్లు నిలుస్తాయా అని ఉద్యాన అధికారిని పిలిచి చూపించుకోమని ఆయన్ను ఆమె అడగాలి. ఇంజను ఆగితే మంగళవారం నీళ్ల గురించి ఆయనతో మాట్లాడటం మీకూ సగం తేలికవుతుంది. సంక్రాంతికి కాదు, నారు పోయకముందే ఒకసారి వచ్చి వెళ్లమనండి.